అమెరికాలో అయిన విడాకులు: కౌంటీ క్లర్కు దగ్గర డిక్రీ కాపీ తీసుకోవడం ఎలా?

తార్నాక_తమ్ముడు:

అందరికీ నమస్కారం. మా అక్క పెళ్లి హైదరాబాద్‌లో జరిగింది. తర్వాత దంపతులిద్దరూ సియాటిల్ దగ్గర రెడ్మండ్‌లో కాపురం పెట్టారు. 2017లో అక్కడి కోర్టులోనే విడాకులయ్యాయి, అక్క తిరిగి వచ్చేసింది. ఇప్పుడు మరో సంబంధం కుదిరింది. కాబోయే బావగారు అమెరికా పౌరుడు, ఉండేది డల్లాస్‌లో. ఆయనకూ ఇది రెండో పెళ్లే. ఆయన విడాకులు న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో అయ్యాయట. పెళ్లి ఇక్కడే చేసి, సబ్‌రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించి, ఆ తర్వాత ఆయన అక్క కోసం ఐ-130 (భార్యను అమెరికాకు తీసుకెళ్లడానికి వేసే వలస దరఖాస్తు) వేస్తారు.

అక్క దగ్గర ఉన్నదల్లా అప్పటి వకీలు మెయిల్‌లో పంపిన స్కాను. రిజిస్ట్రారు ఆఫీసులో దాన్ని చూసి పక్కన పెట్టేశారు. కోర్టు ముద్ర ఉన్న కాపీ కావాలన్నారు, దాని మీద అపోస్టిల్ (విదేశంలో వాడే పత్రం మీది సంతకం, ముద్ర అసలైనవేనని చెప్పే చీటీ) కూడా ఉండాలన్నారు. అక్కడికి వెళ్లకుండా ఇక్కడి నుంచే తెప్పించుకోవచ్చా? ఎవరికి రాయాలి, ఎంత కట్టాలి? బావగారి కాపీ కూడా నేనే తెప్పించవచ్చా? కేసు నంబరు కింద ఇస్తున్నాను.

[కేసు నంబరు, పేర్లు తొలగించాం. - నిర్వాహకుడు]

ఫ్రిస్కో_పెద్దనాన్న:

ఇందులో అంత చిక్కేమీ లేదు బాబూ. ఏ ఊళ్లో విడాకులయ్యాయో ఆ కౌంటీ (మన జిల్లా లాంటిది) క్లర్కు ఆఫీసుకు ఉత్తరం రాసి చెక్కు జతపరిస్తే పంపేస్తారు. అన్ని రాష్ట్రాల్లోనూ అదే పద్ధతి. అది కుదరకపోతే రాష్ట్ర ఆరోగ్య శాఖ వారి దగ్గర జనన మరణాల రికార్డులతో పాటు విడాకుల రికార్డులూ ఉంటాయి, వాళ్లను అడగండి.

జమైకా_జానకిరామ్:

పెద్దనాన్నగారూ, మీ టెక్సాస్‌లోనే అది చెల్లదు. అక్కడ కౌంటీ క్లర్కు వేరు, డిస్ట్రిక్ట్ క్లర్కు వేరు. పెళ్లి లైసెన్సులు, ఆస్తి దస్తావేజులు కౌంటీ క్లర్కు దగ్గర ఉంటాయి. విడాకుల ఫైలు డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర ఉంటుంది. ఉత్తరం తప్పు గదికి వెళ్తే ‘మా దగ్గర రికార్డు లేదు’ అని జవాబు వస్తుంది. అది చూసి కేసే లేదనుకుని గాభరా పడ్డవాళ్లను చూశాను.

షికాగోలోనూ అంతే, కుక్ కౌంటీ విడాకుల ఫైళ్లు సర్క్యూట్ కోర్టు క్లర్కు దగ్గర ఉంటాయి. కాలిఫోర్నియాలో సుపీరియర్ కోర్టును అడగాలి. కౌంటీ క్లర్కు అనే మనిషి దగ్గరే విడాకుల ఫైలు దొరికే రాష్ట్రాల్లో వాషింగ్టన్ (సియాటిల్ ఉన్న రాష్ట్రం), న్యూయార్క్ ఉన్నాయి. తమ్ముడుగారి అదృష్టం, రెండు కేసులూ అక్కడివే. అయితే ఈ రెండింటి నియమాలు ఉత్తర దక్షిణ ధ్రువాలు.

ఇక ఆరోగ్య శాఖ సంగతి. టెక్సాస్‌లో వాళ్లు ఇచ్చేది 1968 నుంచి జరిగిన విడాకులకు ఒక నిర్ధారణ లేఖ మాత్రమే. అది ధ్రువీకరించిన డిక్రీకి ప్రత్యామ్నాయం కాదని వాళ్లే చెబుతారు. న్యూయార్క్ ఆరోగ్య శాఖ దగ్గర 1963 నుంచి విడాకుల సర్టిఫికెట్లు ఉన్నాయి, రుసుము 30 డాలర్లు. ఆ సర్టిఫికెట్టులో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నది ఉంటుంది గాని కోర్టు ఏమన్నదో ఉండదు. వలస శాఖ వాళ్లు అడిగేది డిక్రీ. కాబట్టి నేరుగా కోర్టు ఫైలు ఉన్నచోటికే వెళ్లండి.

నేను క్వీన్స్‌లో ఒక న్యాయవాది దగ్గర పనిచేస్తాను. బావగారి సంగతి తర్వాత వివరంగా రాస్తాను, ఇప్పుడు కోర్టుకు వెళ్లాలి.

రెడ్మండ్_రాధ:

మీ అక్కగారి కేసు కింగ్ కౌంటీలో దాఖలై ఉంటుంది. రెడ్మండ్, బెల్‌వ్యూ, సియాటిల్ అన్నీ ఆ కౌంటీవే. బోథెల్‌లో ఇల్లు ఉన్నవాళ్లు మాత్రం ఒకసారి చూసుకోవాలి, ఆ ఊరు కొంత స్నోహోమిష్ కౌంటీలోకి పోతుంది. అసలు మా వాషింగ్టన్ రాష్ట్రంలో సొంత కౌంటీలోనే దాఖలు చేయాలన్న నిర్బంధం లేదు. చవకగా చేసిపెట్టే మనుషుల ద్వారా వెళ్లినవాళ్ల కేసు ఎక్కడో లింకన్ కౌంటీలో ఉండటం కద్దు. పాత స్కాను మొదటి పేజీ పైన కౌంటీ పేరు ఉంటుంది, ముందు అది చూడండి.

కేసు నంబరు చదవడం తేలిక. మొదటి రెండంకెలు సంవత్సరం. తర్వాతి 3 అంటే కుటుంబ వ్యవహారం. చివర సియాటిల్ కోర్టుదైతే ‘ఎస్‌ఇఎ’ అనీ, కెంట్ కోర్టుదైతే ‘కెఎన్‌టి’ అనీ ఉంటుంది. కేసు 2017లో ముగిసినా నంబరు 16తో మొదలవుతుంటే కంగారు పడవద్దు. దాఖలైన ఏడాదిని బట్టి నంబరు ఇస్తారు. విడాకులకు కనీసం 90 రోజులు ఆగాలి కాబట్టి ఏడాది చివర్లో వేసిన కేసులన్నీ ఇలాగే ఏడాది దాటుతాయి.

రుసుము చట్టంలోనే ఉంది. ధ్రువీకరించిన కాపీకి మొదటి పేజీ 5 డాలర్లు, ఆపైన ప్రతి పేజీకి ఒక డాలరు. పన్నెండు పేజీల ఉత్తర్వుకు 16 డాలర్లన్నమాట. కేవలం చదువుకోవడానికైతే క్లర్కు పోర్టల్‌లో పేజీ 25 సెంట్ల చొప్పున దించుకోవచ్చు. ముందుగా అలా దించుకుని, మీకు కావలసిన కాగితం అదేనా అని చూసి, అప్పుడు ముద్ర ఉన్నదానికి డబ్బు కట్టండి.

ఈ రాష్ట్రంలో విడాకుల ఫైలు బహిరంగమే. మీ అక్కగారి పేరిట మీరు అడిగినా ఇస్తారు, ముక్కూ మొహం తెలియనివాళ్లు అడిగినా ఇస్తారు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పన్ను పత్రాలు, చిరునామాలూ పుట్టిన తేదీలూ ఉన్న రహస్య ఫారం మాత్రం సీలు వేసి విడిగా ఉంచుతారు.

అడగవలసింది ‘ఫైనల్ డైవోర్స్ ఆర్డర్’. 2016కు ముందు దాన్నే ‘డిక్రీ ఆఫ్ డిజల్యూషన్’ అనేవారు. దానితోపాటు ‘ఫైండింగ్స్ అండ్ కన్‌క్లూజన్స్’ అనే కాగితం ఉంటుంది, అదీ తీసుకోండి.

తార్నాక_తమ్ముడు:

రాధగారూ, చాలా వివరంగా చెప్పారు. స్కాను మీద కింగ్ కౌంటీ అనే ఉంది. కానీ పోర్టల్‌లో అక్క పేరు కొడితే ఏమీ రావడం లేదు. నిర్వాహకుడు తొలగించిన ఆ నంబరు వేసి చూసినా రాలేదు. వకీలు మెయిల్‌లో రాసిన నంబరు అది, బహుశా ఆయన ఆఫీసు ఫైలు నంబరేమో.

రెడ్మండ్_రాధ:

పేరుతో వెతకడమే మనవాళ్లకు పెద్ద పరీక్ష. అక్కగారి అప్పటి వీసా మీద పేరు ఎలా పడిందో చూడండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్లకు వీసా మీద ‘ఎఫ్‌ఎన్‌యు’ అని పడుతుంది. అంటే మొదటి పేరు తెలియదని. ఆ మూడక్షరాలే డ్రైవింగ్ లైసెన్సుకు ఎక్కుతాయి, అక్కడి నుంచి కోర్టు కాగితానికీ ఎక్కుతాయి. నాకు తెలిసిన ఒకామె కేసు కోర్టు సూచికలో ‘ఎఫ్‌ఎన్‌యు’ పేరిటే ఉంది. ఆవిడ సొంత పేరు కొడితే దొరకదు.

లేదా పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు పెట్టుకుని ఉండవచ్చు. లక్ష్మిలో హెచ్ ఉందా లేదా, శ్రీనివాస్‌కు ఒక ఎస్సా రెండా అన్నవి కూడా చూసుకోవాలి. మాజీ భర్త పేరుతో వెతకండి, దాఖలైన సంవత్సరం పరిధి ఇవ్వండి. పిటిషనరు, రెస్పాండెంటు ఇద్దరి పేర్లూ సూచికలో ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి తగులుతుంది.

గుంటూరు_తండ్రి:

నమస్కారం. నాదీ ఇంచుమించు ఇదే విషయం కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. మా అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి మొదటి పెళ్లి రద్దయిందంటున్నారు. ఊరు ఫ్రిస్కో. వాళ్ల పెద్దలు ‘అంతా అయిపోయిందండీ, కాగితాలు అక్కడున్నాయి’ అని దాటవేస్తున్నారు. గట్టిగా అడిగితే మర్యాదగా ఉండదని మా బావమరిది అంటాడు. అడగకుండా తెలుసుకునే మార్గం ఉందా?

ఫ్రిస్కో_పెద్దనాన్న:

అయ్యా, కట్నకానుకల దగ్గర రాని మొహమాటం కాగితం దగ్గర ఎందుకు? డిక్రీ కాపీ చూపించమని నేరుగా అడగండి. నిజంగా విడాకులైన మనిషికి అది చూపించడానికి నామోషీ ఏమీ ఉండదు. చూపించనంటే అదే మీకు జవాబు.

మీ అంతట మీరు చూసుకోవాలంటే ఇక్కడ అదీ సాధ్యమే. మా ఊరు రెండు కౌంటీల్లో ఉంది. వీధికి ఒక పక్కన ఉన్నవాళ్లు కాలిన్ కౌంటీ, ఇంకాస్త పడమటికి పోతే డెంటన్ కౌంటీ. కాలిన్ వాళ్ల ఫైళ్లు మెకిన్నీలో, డెంటన్ వాళ్లవి డెంటన్ పట్టణంలో. ఒకచోట దొరకలేదని ‘అబద్ధం చెప్పారు’ అనుకోకండి, రెండో చోటా వెతకండి. అడగవలసింది డిస్ట్రిక్ట్ క్లర్కును, జానకిరామ్ చెప్పినట్టు. కేసు నంబరును ఇక్కడ కాజ్ నంబరంటారు. కాపీకి పేజీకొక డాలరు, ధ్రువీకరణకు విడిగా కొంత.

అయితే ఒక సంగతి. కేసు ఉందని తేలితే విడాకులయ్యాయని కాదు. దాఖలు చేసి, రాజీపడి, కేసు వెనక్కి తీసుకున్నవాళ్లు ఎందరో. దాన్ని ఇక్కడ ‘నాన్‌సూట్’ అంటారు. కేసు వివరాల్లో ‘ఫైనల్ డిక్రీ ఆఫ్ డైవోర్స్’ అని, దాని కింద న్యాయమూర్తి సంతకమైన తేదీ ఉండాలి. ఆ తేదీ నుంచి 30 రోజుల దాకా వాళ్లు మరొకరిని పెళ్లాడకూడదని టెక్సాస్ చట్టం. ముహూర్తం పెట్టేముందు అదీ లెక్క చూసుకోండి.

గుంటూరు_తండ్రి:

కట్నం మాట మేము ఎత్తలేదండీ. అయినా మీరు చెప్పింది అర్థమైంది. అడుగుతాను. కోర్టు కాగితం చదివితే ఎందుకు విడిపోయారో కూడా తెలుస్తుందా?

రెడ్మండ్_రాధ:

చాలామటుకు తెలియదు. ఇక్కడి పిటిషన్లలో ‘వివాహ బంధం తిరిగి అతకనంతగా చెడింది’ అన్న ఒక్క ముక్క ఉంటుంది. వాషింగ్టన్‌లోనైతే అది తప్ప వేరే కారణమే లేదు. కారణాల కోసం డిక్రీ చదివితే మీకు కార్లు ఎవరికి వచ్చాయో, రిటైర్మెంటు ఖాతా ఎలా పంచుకున్నారో తెలుస్తుంది. నిజంగా చూడవలసినవి పిల్లల పోషణ, భరణం. అతను నెలనెలా ఎవరికైనా డబ్బు కట్టాలా, ఎంతకాలం అన్నది అందులో స్పష్టంగా ఉంటుంది. రేపు మీ అమ్మాయి సంసార ఖర్చులో అదొక పద్దు.

గృహహింస కారణంగా రక్షణ ఉత్తర్వు ఏదైనా జారీ అయి ఉంటే అది వేరే కేసు నంబరు కింద ఉండవచ్చు. అతని పేరుతో వెతికినప్పుడు వచ్చిన కేసులన్నీ చూడండి, విడాకుల కేసు ఒక్కటే చూసి ఆపవద్దు. అలాగని అదే పేరున్న ఇంకొకరి కేసును ఇతనికి అంటగట్టనూ వద్దు. మన పేర్లలో ఆ ప్రమాదం ఎక్కువ.

జమైకా_జానకిరామ్:

ఇప్పుడు బావగారి సంగతి.

న్యూయార్క్‌లో విడాకులిచ్చేది సుప్రీంకోర్టు. ఇక్కడ అది కింది స్థాయి విచారణ కోర్టే, ఎవరూ కంగారు పడవద్దు. ప్రతి కౌంటీలోనూ ఆ కోర్టు ఫైళ్లకు కౌంటీ క్లర్కు సంరక్షకుడు. క్వీన్స్ కౌంటీ క్లర్కు ఆఫీసు క్వీన్స్‌లోనే జమైకా అనే పేటలో, సట్‌ఫిన్ బౌలవార్డు మీదున్న కోర్టు భవనంలో ఉంది. మన్‌హటన్‌లో అయిన విడాకులకైతే సెంటర్ స్ట్రీట్ 60వ నంబరు భవనం. వ్యక్తి ఏ బరోలో (న్యూయార్క్ నగరంలోని విభాగం) ఉండేవాడన్నది ముఖ్యం కాదు, ఏ కౌంటీలో కేసు వేశారన్నది ముఖ్యం. క్వీన్స్‌లో ఉంటూ మన్‌హటన్‌లో వేసినవాళ్లు బోలెడుమంది. ఆయన దగ్గరున్న పాత కాగితం మీద ఇండెక్స్ నంబరు (ఇక్కడి కేసు నంబరు), దాని పక్కనే కౌంటీ పేరు ఉంటాయి.

తేడా ఎక్కడంటే, న్యూయార్క్‌లో ఈ ఫైళ్లు మూసి ఉంటాయి. గృహ సంబంధాల చట్టం 235వ సెక్షను ప్రకారం భార్య, భర్త, వాళ్ల న్యాయవాదులు తప్ప ఇంకెవరూ చూడటానికి లేదు, కోర్టు ఉత్తర్వు ఉంటే తప్ప. ఆ కట్టుబాటు నూరేళ్లు. కాబట్టి తమ్ముడుగారూ, ఆ కాపీ మీరు తెప్పించలేరు. బావగారు ఫొటో గుర్తింపు కార్డుతో స్వయంగా రావాలి. లేదా నోటరీ ముందు సంతకం చేసిన అధికార పత్రం ఇచ్చి ఇక్కడున్న స్నేహితుణ్ణి పంపాలి. డల్లాస్‌లో నోటరీ దొరకడం కష్టమేమీ కాదు, చాలా బ్యాంకుల్లోనే ఉంటారు.

గుంటూరువారి లాంటివాళ్లకు పనికొచ్చే మాట ఒకటి. అదే సెక్షనులో, ఎవరు దరఖాస్తు చేసినా క్లర్కు ‘సర్టిఫికెట్ ఆఫ్ డిస్పొజిషన్’ ఇవ్వాలని ఉంది. ఫైలులోని ఆరోపణలూ సాక్ష్యాలూ బయటపెట్టకుండా, కేసు చివరికి ఏమైందో మాత్రం ధ్రువీకరించే కాగితం. న్యూయార్క్ సంబంధాలు చూసేవాళ్లకు విడాకులు అయ్యాయా లేదా అన్నంతవరకు అది చాలు. కౌంటరులో కూర్చునే కొత్తవాళ్లకు ఇది తెలియకపోవచ్చు. సెక్షను నంబరు, మూడో ఉపవిభాగం అని రాసి తీసుకెళ్లండి.

అపోస్టిల్ గురించి కూడా చెప్పేస్తాను. ఏ రాష్ట్రపు అధికారి సంతకం చేశాడో ఆ రాష్ట్రమే అపోస్టిల్ వేయాలి. బావగారు టెక్సాస్‌లో ఉంటున్నారని న్యూయార్క్ డిక్రీని టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌కు పంపితే తిరిగి వస్తుంది. న్యూయార్క్‌ది న్యూయార్క్ ‘డిపార్ట్‌మెంట్ ఆఫ్ స్టేట్’కు వెళ్లాలి, రుసుము 10 డాలర్లు. వాషింగ్టన్‌ది ఒలింపియాలోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయానికి. కాపీ తీసుకునేటప్పుడే క్లర్కుకు ‘విదేశంలో వాడటానికి, అపోస్టిల్ వేయిస్తాం’ అని చెప్పండి. ఎవరి సంతకం రాష్ట్ర కార్యాలయంలో నమోదై ఉందో ఆ మనిషి చేతే సంతకం చేయిస్తారు.

కుపర్టినో_కృష్ణవేణి:

కాలిఫోర్నియా వాళ్ల కోసం రెండు ముక్కలు. రాష్ట్ర ప్రజారోగ్య శాఖ దగ్గర ఉన్నది 1962 నుంచి 1984 జూన్ వరకే, అదీ డిక్రీ కాదు. మిగతాదంతా ఆ కౌంటీ సుపీరియర్ కోర్టు దగ్గరే. సాంతా క్లారా కౌంటీ కుటుంబ కోర్టు శాన్ హోసేలో ఉంది. అడగవలసిన ఫారం ఎఫ్‌ఎల్-180, దాని మీద వివాహ బంధం ముగిసిన తేదీ వేరే గడిలో ఉంటుంది. తీర్పు నమోదైన తేదీ, బంధం ముగిసిన తేదీ ఒకటే కానక్కరలేదు. ఆరు నెలల నిరీక్షణ కారణంగా రెండోది వెనకపడుతుంది. వీసా కాగితాల్లో రెండోదే రాయాలి.

బెజవాడ_వకీలు:

కాపీ ఎలా తీసుకోవాలో అందరూ చక్కగా చెప్పారు. ఆ కాపీ మన దేశంలో ఏం చేస్తుంది, ఏం చేయదు అన్నది నేను చెబుతాను.

అపోస్టిల్ అంటే సంతకం చేసిన అధికారి అసలైనవాడే, ముద్ర అసలైనదే అని చెప్పే చీటీ. లోపలున్న తీర్పు భారతదేశంలో చెల్లుతుందని అది చెప్పదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 14వ సెక్షను ప్రకారం విదేశీ తీర్పు ధ్రువీకరించిన కాపీ దాఖలు చేస్తే, అధికార పరిధి ఉన్న కోర్టే ఇచ్చిందని మన కోర్టు మొదట భావిస్తుంది. కానీ అది కాదని అవతలివారు చూపించవచ్చు. ఎప్పుడు చెల్లదో 13వ సెక్షను చెబుతుంది.

ఇందులో మైలురాయి మన తెలుగువాళ్ల కేసే. 1975లో తిరుపతిలో పెళ్లి. భర్త 1980లో అమెరికా మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. భార్య ఇక్కడి నుంచే అభ్యంతరం తెలుపుతూ జవాబు పంపింది, అక్కడికి వెళ్లలేదు. అతను 1981లో యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. భార్య ద్విభార్యత్వం కేసు పెట్టింది. 1991లో సుప్రీంకోర్టు ఆ మిస్సోరీ డిక్రీని గుర్తించలేదు. అతను అక్కడ స్థిరనివాసి కాదు, పైగా ‘బంధం తిరిగి అతకదు’ అన్న కారణం హిందూ వివాహ చట్టంలో లేదు.

ఇక్కడ నడుస్తున్న చర్చకు అదే తీర్పులో ఇంకో ముఖ్యమైన భాగం ఉంది. భర్త దాఖలు చేసింది డిక్రీ జెరాక్సు. అది జెరాక్సు అన్నంత మాత్రాన పనికిరాదనలేమని సుప్రీంకోర్టు అన్నది. సర్క్యూట్ క్లర్కు తరఫున డిప్యూటీ క్లర్కు దాన్ని ధ్రువీకరించాడు, అంతవరకు సరే. లోపమల్లా అమెరికాలోని మన కేంద్ర ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ లేకపోవడం. అప్పటి సాక్ష్య చట్టం 86వ సెక్షను అది అడిగింది. కౌంటీ క్లర్కు ముద్ర దగ్గరే ఆగిపోయినవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. భారతదేశం 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరాక ఆ మెట్టుకు బదులు అపోస్టిల్ చూపుతున్నాం.

ఫ్రిస్కో_పెద్దనాన్న:

వకీలుగారూ, అయితే ఇక్కడ విడాకులు తీసుకున్న మనవాళ్లందరూ ఇంకా పెళ్లైనవాళ్లేనంటారా? అమెరికా పౌరులైపోయినవాళ్లు కూడా? కోర్టు ఇచ్చిన కాగితం చెల్లదంటే ఇక దేన్ని నమ్మాలి?

బెజవాడ_వకీలు:

అలా అనలేదండీ. అదే తీర్పు మినహాయింపులు కూడా ఇచ్చింది. అవతలివారు ఆ దేశంలోనే స్థిరంగా ఉంటూ, మన చట్టంలో ఉన్న కారణం మీదే డిక్రీ వస్తే ఒకటి. అవతలివారు తమంతట తాము అక్కడి కోర్టుకు హాజరై, మన చట్టంలో ఉన్న కారణం మీద నడిచిన కేసులో వాదించుకుంటే రెండు. అవతలివారు సమ్మతిస్తే మూడు. మనవాళ్లలో చాలామందిది మూడోదే, ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు పెట్టి ఉంటారు. ఇబ్బంది వచ్చేది ఒకరు ఇక్కడుండగా, వారి పరోక్షంలో అక్కడ తెచ్చుకున్న ఏకపక్ష డిక్రీలతో.

అందుకే తమ్ముడుగారికి నా సలహా ఏమిటంటే, ఒక్క డిక్రీతో సరిపెట్టకండి. రాధగారు చెప్పిన ‘ఫైండింగ్స్’ కాగితంలో అవతలి పక్షానికి నోటీసు ఎలా అందింది, కోర్టుకు వారి మీద అధికారం ఎలా వచ్చింది అన్నది రాసి ఉంటుంది. దానితోపాటు పిటిషను, ప్రతివాది ఒప్పుకుంటూ ఇచ్చిన పత్రం లేదా జవాబు కూడా ధ్రువీకరించి తెప్పించండి. మరో పాతిక ముప్పై డాలర్లవుతుంది. పదేళ్ల తర్వాత ఆస్తి తగాదాలోనో పింఛను దగ్గరో ఎవరైనా ‘మొదటి పెళ్లి రద్దు కాలేదు’ అని లేవదీస్తే మిమ్మల్ని కాపాడేది ఆ సమ్మతి పత్రమే.

సమ్మతి లేని కేసైతే రెండో పెళ్లికి ముందే ఇక్కడి కుటుంబ న్యాయస్థానంలో వైవాహిక స్థితి ప్రకటన కోరుతూ పిటిషను వేయడం క్షేమం. 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం 7వ సెక్షను ఆ అధికారం ఇచ్చింది.

తార్నాక_తమ్ముడు:

మాజీ భర్త పేరుతో వెతికితే దొరికింది. అక్క పేరు పెళ్లి తర్వాతి ఇంటిపేరుతో, అదీ ఒక అక్షరం తేడాతో ఉంది. పోర్టల్‌లో పిటిషను, ఆయన సంతకం చేసిన ‘జాయిండర్’ (పిటిషనుకు ఒప్పుకుంటూ ఇచ్చే పత్రం), ఫైండింగ్స్, తుది ఉత్తర్వు నాలుగూ ఉన్నాయి. చదివితే తుది ఉత్తర్వులోనే అక్కకు పుట్టింటి ఇంటిపేరు తిరిగి ఇస్తున్నట్టు ఒక గడిలో రాసి ఉంది. ఆ సంగతి అక్కకే గుర్తులేదు. జాయిండర్ ఉంటే వకీలుగారు చెప్పిన సమ్మతి ఉన్నట్టేనా?

బెజవాడ_వకీలు:

పిటిషనులో కోరినవాటికి ఒప్పుకుంటున్నానని ఆయన సంతకం ఉంటే అది గట్టి ఆధారమే. ఆ ఇంటిపేరు గడి కూడా పనికొస్తుంది. పాస్‌పోర్టులో ఇంకా పాత భర్త ఇంటిపేరే ఉంటే, పెళ్లి నమోదుకు ముందే మార్పించుకోండి. ఆధార్‌లో ఒకటి, పాస్‌పోర్టులో ఒకటి, డిక్రీలో ఇంకొకటి ఉంటే రిజిస్ట్రారు మళ్లీ తిప్పుతారు.

డబ్బుకు_రసీదు:

నాదొక చిన్న మాట. వెతుకులాటలో ‘ఎవరి విడాకుల రికార్డైనా క్షణంలో’ అనే ప్రైవేటు వెబ్‌సైట్లు మొదట కనిపిస్తాయి. మా బంధువులు ఒకదానికి కార్డు నంబరు ఇచ్చారు. వచ్చింది పేర్లూ పాత చిరునామాలూ ఉన్న ఒక జాబితా, పైగా నెలనెలా డబ్బు పోతూనే ఉంది. వాటికి కోర్టు ముద్ర వేసే అధికారం లేదు. ప్రభుత్వ ఆఫీసు తనే నియమించుకున్న సంస్థ అయితే ఆ ఆఫీసు వెబ్‌సైటులో లంకె ఉంటుంది, అక్కడి నుంచే వెళ్లండి.

నిర్వాహకుడు:

అలాంటి వెబ్‌సైట్ల లంకెలు ఇక్కడ ఇస్తే తొలగిస్తాం. విదేశీ డిక్రీల చెల్లుబాటు మీద ప్రైవేటు సందేశాల్లో వచ్చిన ప్రశ్నలకు వేరే అంశం ప్రారంభించాం, అక్కడ అడగండి. ఇక్కడ కాపీల సంగతే మాట్లాడుకుందాం. ఎవరూ కేసు నంబర్లు, మాజీ భార్యాభర్తల పేర్లు రాయవద్దని మరోసారి మనవి.

గుంటూరు_తండ్రి:

అబ్బాయినే ఫోనులో అడిగాను. మర్యాద తప్పలేదు, కోపమూ తెచ్చుకోలేదు. కాజ్ నంబరు చెప్పాడు. డెంటన్ కౌంటీలో ఉంది. డిక్రీ మీద సంతకమైన తేదీ కూడా కనిపించింది. దాటవేసింది పెద్దవాళ్లే, వాళ్లకు కౌంటీ ఏదో తెలియక. పెద్దనాన్నగారికి, రాధగారికి కృతజ్ఞతలు.

ఫ్రిస్కో_పెద్దనాన్న:

సంతోషం. ముద్ర ఉన్న కాపీ కూడా ఒకటి పుచ్చుకోండి, తెర మీద చూసింది రేపు అమ్మాయి వీసాకు పనికిరాదు.

తార్నాక_తమ్ముడు:

అక్క కాగితాలు అపోస్టిల్‌తో సహా చేరాయి. సియాటిల్‌లో ఉన్న స్నేహితుడు క్లర్కు ఆఫీసులో తీసుకుని ఒలింపియాకు పంపించాడు. బావగారు నోటరీ చేయించిన పత్రం జమైకాకు పంపారు. ఐ-130కి ఈ అసలు కాగితాలే జతపరచాలా? పంపితే తిరిగి ఇస్తారా?

జమైకా_జానకిరామ్:

దరఖాస్తుకు జెరాక్సులు చాలు, అసలువి పంపవద్దు. ఇద్దరివీ జతపరచాలి, ఎందుకంటే ఇద్దరి పాత పెళ్లిళ్లూ ముగిశాయని చూపించాలి. తర్వాత నేషనల్ వీసా సెంటరుకు స్కానులు ఎక్కించాలి. ముంబైలో ఇంటర్వ్యూ రోజున ధ్రువీకరించిన కాపీలు చేతిలో ఉండాలి. సబ్‌రిజిస్ట్రార్ ఒక కాపీ ఉంచుకుంటానంటే ఇబ్బంది పడతారు కాబట్టి బావగారి డిక్రీ ఒకేసారి రెండు ప్రతులు అడగండి. ఫైలు మూసి ఉండే రాష్ట్రంలో మళ్లీ మళ్లీ అధికార పత్రాలు రాసుకోవడం విసుగు.

స్కాను తీసేటప్పుడు పేజీలను కలిపి ఉంచిన పిన్ను తీయవద్దు. అపోస్టిల్ చీటీ, క్లర్కు ధ్రువీకరణ, డిక్రీ మూడూ కలిసే ఒక పత్రం. పిన్ను రంధ్రాలు అదనంగా కనిపిస్తే పేజీ మార్చారేమోనని అనుమానిస్తారు, మళ్లీ మొదటి నుంచి చేయించుకోవలసి వస్తుంది.

తార్నాక_తమ్ముడు:

స్కాను తీసే షాపువాడు పిన్ను లాగబోతుంటే ఆపానండీ. పేజీలు మడిచి ఒక్కొక్కటే తీయించాను. మూలలు కొంచెం నీడపడ్డాయి గాని అక్షరాలు, ముద్ర స్పష్టంగానే ఉన్నాయి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చూపించాం, తేదీ ఇచ్చారు.